కిరోసిన్ ఒక్కటే కాదు
1859లో పెన్సిల్వేనియాలో చమురు పడి కిరోసిన్ చౌకగా రాగానే, అమెరికాలోని ఓడరేవు ఊరు న్యూ బెడ్‌ఫర్డ్‌లో తిమింగలాల వేట మూతపడిందని ఒక వ్యాసంలో రాశారు. దీపాలకి వాడే తిమింగలం నూనె వరకైతే నిజమే. కానీ కార్సెట్లలో (ఆడవాళ్లు నడుము బిగించి కట్టుకునే లోదుస్తులు) పుల్లలుగా పెట్టడానికి తిమింగలం నోట్లో పళ్ల బదులు ఉండే, వంగే పట్టీల్లాంటి బలీన్‌కి తర్వాత కూడా మంచి గిరాకీ ఉండేది. దానికోసమే ఆర్కిటిక్ దాకా వెళ్లేవారు. 1871లో అక్కడి మంచులో చిక్కుకుని 33 ఓడలు వదిలేయాల్సి వచ్చింది, ఎక్కువ భాగం ఈ ఊరివే. 1,200 మందికి పైగా ఉంటే ఒక్క ప్రాణం కూడా పోలేదు, అదే వింత. ఆ దెబ్బ గురించి వ్యాసంలో ఒక్క ముక్క లేదు. అక్కడి ఆఖరి వేట ఓడల్లో ఒకటైన వాండరర్ 1924లో తుఫానుకి బద్దలైంది. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు న్యూ బెడ్‌ఫర్డ్‌లోని మ్యూజియం చూశాం. పైన వేలాడదీసిన నీలి తిమింగలం అస్థిపంజరం చచ్చి ఇన్నేళ్లయినా నూనె కారుతూనే ఉంది, సీసాలో పడుతున్నారు. మా ఆవిడ అటు రానంది.