సవరణ: చదువు రానివారి యాప్‌కు గొంతు ఒక్కటే చాలదు

"చదువు రానివాళ్లకు ఫోన్‌లో మాట వినిపిస్తే చాలు" అని పోయినవారం రాసిన వాక్యాన్ని తీసేస్తున్నాను. బెంగళూరు మారతహళ్లిలో ఇంటిపనివాళ్ల కోసం యాప్ చేస్తున్న మన తెలుగు కుర్రాళ్లు అది చదివి, అయితే బొమ్మలన్నీ ఎత్తేద్దామా అని అడిగారు. దయచేసి ఎత్తేయకండి.

మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా పరిశోధకురాలు ఇంద్రాణి మేధీ బృందం 2011లో ప్రచురించిన మొబైల్ పరిశోధనలో తేలింది వేరు. బొమ్మలూ గొంతూ కలిసిన తెర మీద ఎక్కువమంది పని పూర్తి చేయగలిగారు. ఉత్త మాటలతో నడిచే పద్ధతిలో పని త్వరగా అయింది, పక్కనుంచి సాయం కూడా తక్కువే పట్టింది. నేను ఈ రెండో సగమే రాశాను.

ఇంకోటి. అంతకుముందు బెంగళూరు బస్తీల్లో ఇంటిపని చేసే మహిళలతో మేధీ బృందం చేసిన అధ్యయనం ఫోన్ మీద కాదు, కంప్యూటర్ తెర మీద. అందులో నాకు బాగా నచ్చింది అంట్ల బొమ్మ. ఊరికే సామాన్లు గీస్తే అది ఒక పని అని తట్టదు. కుళాయిలోంచి నీళ్లు పడుతున్నట్టు గీస్తే తోమడమని ఇట్టే పోల్చుకుంటారు. ఎంత చిన్న గీత, ఎంత తేడా!

అంకెలు కూడా ఉంచండి. అక్షరాలు రాకపోయినా జీతం లెక్క, బస్సు నంబరు చదవగలిగేవాళ్లు చాలామంది. బొమ్మలు ఖాయం చేసేముందు మీ ఇంట్లో పనిచేసే అక్కకు ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి. వేలు ఎక్కడ ఆగిపోతే ఆ బొమ్మ మళ్లీ గీయించండి.