37కే అంత ఏడుపా అన్న మా బావగారికి

పొద్దున ఎనిమిది కూడా కాలేదు. స్నానం చేసి వచ్చి ఒళ్లు తుడుచుకుంటున్నాను. తుడుస్తున్నది నీళ్లనో చెమటనో నాకే తెలియదు. బందరువాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, మే నెలలో మన ఇళ్లలో తువ్వాలు ఆరడమనేది ఉండదు. సరిగ్గా అప్పుడే ఫోను టింగుమంది. మా కుటుంబం గ్రూపు. హైదరాబాద్‌లో ఉండే మా బావగారు రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన అతికించి పెట్టారు. హైదరాబాద్ 42, మచిలీపట్నం 37. కింద రాత: "37కే అంత ఏడుపా బామ్మర్దీ? సముద్రం పక్కన చల్లగాలి తింటూ కూర్చుని పైగా మాకు కబుర్లు!" దాని పక్కన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వే బొమ్మలు నాలుగు.

సరే, ఆయన అంటే ఆయన. అలవాటే. దాని కింద మా అక్క కూడా నవ్వే బొమ్మ పెట్టింది. మా అక్క! మా బందరు చిలకలపూడిలో పుట్టి, ఈ ఉక్కలోనే పెరిగి, వీపు నిండా చెమటకాయలతో ఎంసెట్ రాసిన మనిషి. అరచెయ్యి చెమటకి జవాబుపత్రం తడిసిపోతోందని చేతి కింద జేబురుమాలు వేసుకుని రాసింది, ఇంటికొచ్చి ఏడ్చింది కూడా. ఇప్పుడు నవ్వే బొమ్మ.

అదీ సరే. ఆ తర్వాత మా నాన్న పెట్టిన మెసేజ్ చూశాను. "నిజమే అల్లుడుగారూ, మీకే ఎక్కువ." చివర రెండు చేతులు జోడించిన బొమ్మ.

అక్కడ కాలింది నాకు. పొద్దుటి నుంచి కాలుతూనే ఉంది. నా ఫొటో స్టూడియోకి వచ్చి షట్టర్ ఎత్తాను గానీ పని మీద మనసు లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఆయన ఇక్కడ కూడా నన్ను ఫాలో అవుతారు, చదువుకోనివ్వండి.

ముందుగా ఒక మాట. మా బావగారు హైదరాబాద్‌లో పుట్టలేదు. తణుకులో పుట్టారు. గోదావరి కాలవలో ఈదిన మనిషే. పదిహేనేళ్లు ఏసీ ఆఫీసు, ఏసీ కారు, ఏసీ పడగ్గది అయ్యేసరికి ఉక్కపోత అనే మాటే మర్చిపోయారు. ఇలాంటివాళ్లు మీ ఇంట్లోనూ ఒకరుంటారు. సంక్రాంతికి వచ్చి "అబ్బ, ఇక్కడ క్లైమేట్ ఎంత బాగుందో" అంటారే, వాళ్లు. జనవరిలో ఎక్కడైనా బాగుంటుంది నాయనా. ఒక్కసారి రోహిణి కార్తెలో రా.

ఆ 42, 37 అనే అంకెలు ఎక్కడివో బావగారికి ఎవరైనా చెప్పారా? తెల్ల రంగు వేసిన, తలుపులకి పలకల సందులున్న చెక్కపెట్టె ఒకటి మనిషి ఛాతీ ఎత్తులో నిలబెట్టి, అందులో నీడన థర్మామీటరు పెట్టి చూసే అంకె అది. గాలి ఎంత వేడిగా ఉందో చెబుతుంది, అంతే. అదే పెట్టెలో ఇంకో థర్మామీటరు కూడా ఉంటుంది. దాని బల్బుకి తడి గుడ్డ చుట్టి ఉంటుంది. గాలి పొడిగా ఉంటే ఆ తడి గబగబా ఆరి బల్బు చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే తడి ఆరదు, బల్బూ చల్లబడదు. మనిషి చర్మం కూడా తడిగుడ్డ చుట్టిన బల్బే కదా. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. కారిపోయిన చెమట వల్ల చొక్కా పాడవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. హైదరాబాద్‌లో 42, గాలిలో తేమ 20 శాతం అనుకోండి, తడి బల్బు 24 దగ్గర ఆగుతుంది. మా బందరులో 37, తేమ 60 శాతం అనుకోండి, అది 30 దగ్గర ఉంటుంది. ఆరు డిగ్రీల తేడా, అదీ మా వైపు ఎక్కువ! అమెరికా వాతావరణ శాఖ వాడే ఒంటికి తెలిసే వేడి లెక్కలో చూస్తే మా 37 కాస్తా 50 దాటిపోతుంది. వాళ్ల 42 దాదాపు 42గానే ఉంటుంది. ఇదే సంగతి గ్రూపులో పెడితే బావగారి జవాబేమిటో తెలుసా? బొటనవేలు బొమ్మ. ఒకే ఒక్కటి.

అంతెందుకు, మన వాతావరణ శాఖవాళ్లే ఒప్పుకున్నారు. వడగాలులు ప్రకటించాలంటే మైదానాల్లో కనీసం 40 ఉండాలి, తీరప్రాంతంలో 37 చాలు. దానితో పాటు ఆ రోజుకి మామూలుగా ఉండే ఎండ కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలనుకోండి, అది వేరే సంగతి. నేను చెప్పేది ఆ మూడు డిగ్రీల రాయితీ గురించి. సముద్రం పక్కన కూర్చుని చల్లగాలి తింటున్నందుకే ఇచ్చారా అది మాకు?

ఇక టీవీలవాళ్లు. వేసవి వస్తే వాళ్లకి రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం. వెనక నిప్పులు కక్కే సూర్యుడి బొమ్మ, ముందు పెద్ద అంకె. రోడ్డు మీద ఆమ్లెట్ వేసి చూపించే కుర్రాడొకడు. పాపం ఆ ఊళ్ల మీద నాకేం కోపం లేదు, రామగుండంలో బొగ్గు గనుల పక్కన బతికేవాళ్ల బాధ వాళ్లది. అనంతపురంలో నాతో పాటు ఫొటోగ్రఫీ నేర్చుకున్న స్నేహితుడున్నాడు. "మాకు చెమట పట్టినట్టే తెలీదప్పా, చొక్కా మీద ఉప్పు చారలు చూసుకుని తెలుసుకోవాల" అంటాడు. నిజమే, ఒంట్లో నీళ్లు పోతున్నట్టు తెలియకుండానే పోతాయి, అదీ ప్రమాదమే. నేను కాదనను. కానీ వాడు ఏ రోజూ "మీకు 37 ఏ కదా" అనలేదు. మే నెలలో ఒకసారి బందరు పెళ్లికి సాయానికొచ్చాడు. రెండో రోజు పొద్దున "నేను పోతా, డబ్బులొద్దు" అన్నాడు. అదీ మర్యాద అంటే. విజయవాడవాళ్లని ఈ పోటీలోకి తేను, వాళ్లకి కొండల వేడీ ఉంది, కృష్ణ, కాలవల తేమా ఉంది, వాళ్లు మనకంటే పెద్దలు.

అసలు ఈ చల్లగాలి సంగతి కూడా తేల్చాలి. పడమటి గాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి లోపలికి రాదు. ఆ రోజు మాకూ 44, 45. రోళ్లు పగలడం మాకూ తెలుసు. సముద్రపు గాలి తిరిగిన రోజు కొన్ని డిగ్రీలు తగ్గుతుంది, దాని వెంట సముద్రంలోని ఆవిరంతా మా ఇళ్లలోకి వస్తుంది. మంగినపూడి బీచిలో గట్టు మీద నిలబడితే హాయిగానే ఉంటుంది. అక్కడ ఎవరుంటారు? మేముండేది సందుల్లో, ఎదురింటి గోడకీ మా గోడకీ మధ్య.

నా వృత్తిలో ఇది ఇంకో నరకం. ఏసీ మంటపంలోంచి కెమెరా పట్టుకుని బయటికి వస్తే చాలు, లెన్సు మీద ఆవిరి కమ్మేస్తుంది. ఊరేగింపు గుమ్మం దగ్గరికి వచ్చేస్తుంది, నాకు మాత్రం అద్దంలో తెల్ల పొగ తప్ప ఏమీ కనపడదు. లెన్సుల్లో బూజు, సాలెపురుగు కాళ్లలాగా సన్నగా పాకుతుంది. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా వీధిలో అందరి దగ్గరా అడుక్కుంటాను. హైదరాబాద్‌లో నా తోటివాళ్లు లెన్సుల్ని బీరువాలో పడేస్తారట, అంతే, ఏమీ కాదట. ఎవడికీ చెప్పకండి, నాకు కుళ్లుగా ఉంటుంది.

కూలర్ కథ చెప్పలేదు కదూ. మూడేళ్ల క్రితం మా అమ్మకి బావగారు కూలర్ పంపించారు. హైదరాబాద్ నుంచి పార్శిల్లో. మంచిది, ఖరీదైనదే, కాదనను. "దీంతో ఏసీ అక్కర్లేదు అత్తయ్యగారూ" అని ఫోను కూడా. కూలర్ పనిచేసేదే నీళ్లు ఆవిరి కావడం మీద. అప్పటికే గొంతుదాకా నీళ్లు తాగిన గాలి ఇంకెంత తాగుతుంది? మొదటి రోజు గంటసేపు వేశాం. గదిలో దుప్పటి చెమ్మ, అగ్గిపుల్ల గీస్తే వెలగదు, డబ్బాలో అప్పడాలు గుడ్డల్లా మెత్తబడ్డాయి, ఉప్పు కారిపోయింది. గోడ మీద దేవుడి పటాల వెనక అట్ట ఉబ్బింది. మా అమ్మ ఆ రాత్రి డాబా మీదికి వెళ్లి పడుకుంది. పొద్దున బావగారు ఫోను చేసి "ఎలా ఉంది?" అంటే, "చల్లగా ఉంది బాబూ" అని చెప్పింది! ఇదీ మా ఇంటి పద్ధతి. ఇప్పుడా కూలర్ మీద ఉల్లిపాయల బుట్ట పెట్టుకుంటున్నాం.

మధ్యాహ్నం మళ్లీ ఒక మెసేజ్. "హైదరాబాద్‌లో వానాకాలం 85 శాతం తేమ ఉంటుంది, మేమేం చచ్చిపోవట్లేదే!" చూశారా, ఇంజినీరు. అది 24 డిగ్రీల దగ్గర 85 శాతం బావగారూ. 24 డిగ్రీల గాలి ఘనపు మీటరుకి 22 గ్రాముల ఆవిరి పట్టుకుంటే నిండిపోతుంది. 37 డిగ్రీల గాలి 44 గ్రాములు పట్టుకుంటుంది. చిన్న గ్లాసు నిండా ఉన్నా చిన్న గ్లాసే కదా, చెంబులో సగం పైన ఉంటే అదే ఎక్కువ. పొద్దున్నే లంబసింగి పొగమంచులో ఎంత శాతం ఉంటుందో తెలుసా? దాదాపు నూరు. అక్కడ ఎవరికైనా చెమట పడుతోందా? శాలువాలు కప్పుకుని సెల్ఫీలు దిగుతున్నారు.

సరే, ఇదంతా సైన్సు. సైన్సు కోసం నాకింత మంట లేదు. "నిజమే అల్లుడుగారూ" అన్న మా నాన్న కోసం మంట.

మా నాన్న ముప్పై ఏళ్లు చిలకలపూడిలో గోల్డ్ కవరింగ్ పని చేశారు. గ్యాసు మంట ముందు కూర్చుని అతుకులు పెట్టే పని. ఫ్యాను వేస్తే మంట ఊగుతుందని ఫ్యాను కూడా వేసుకోరు. మేలో ఆ గదిలో ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక్క రోజూ ఉక్కగా ఉందని అన్న మనిషి కాదు. ఆయనకి చెప్తున్నారండీ ఎండ గురించి.

అక్క పెళ్లి 2015 మేలో. ఆ ఏడాది ఎండలు ఎవరూ మర్చిపోరు, ఆ వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు, ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లు. ముహూర్తం శ్రావణంలో పెట్టుకుందామని నాన్న అంటే, అబ్బాయికి సెలవు దొరకదన్నారు. సరేనన్నారు నాన్న. తర్వాత వాళ్ల పెద్దమామయ్య ఫోను. "మావాళ్లు బందరు ఉక్కకి ఆగలేరండీ, విడిదికి ఏసీ గదులే కావాలి." గమనించండి. బందరు ఉక్క. ఆ మాట వాళ్లే అన్నారు! లాడ్జిలో ఆరు ఏసీ గదులు, మూడు రోజులు. కరెంటు పోతే జనరేటరు, దాని డీజిలు వేరే. నాన్న ఎత్తకుండా దాచుకున్న చీటీ పాడేశారు, ఎంత నష్టానికి పాడారో నాకు తెలుసు, చెప్పను. మేమంతా డాబా మీద నీళ్లు చల్లుకుని చాపలేసుకున్నాం. నీళ్లు ఆరలేదు, చాపలు తడిశాయి.

అప్పుడు 37కే ఏడ్చిందెవరు బావగారూ?

నాలుగింటికి గిరాకీ లేదు. పాత హార్డ్ డిస్కు తీశాను. ఆ పెళ్లికి ఫొటోలు నేనే తీశాను, కొత్తగా కొన్న కెమెరా. ముహూర్తం రాత్రి తొమ్మిది దాటాక. గుర్తుంచుకోండి, రాత్రి. ఎండ అనేదే లేదు. ఒక్కో ఫొటో చూస్తుంటే నా కోపం తగ్గి నవ్వు మొదలైంది. గౌరీపూజ అయ్యాక బావగారి మెడలో తువ్వాలు. జీలకర్ర బెల్లం దగ్గర నుదుటి మీద తువ్వాలు. మంగళసూత్రం కట్టేటప్పుడు ఒకావిడ వెనక నుంచి ఆయన మొహం తుడుస్తోంది. అందరూ పెళ్లికూతురి వైపు చూస్తుంటే ఆయన చూపు మాత్రం మంటపం పక్కన స్టాండు ఫ్యాను మీద ఉంది, అది ఇటు తిరిగేదాకా చూస్తున్నారు.

తలంబ్రాల ఫొటో ఒకటుంది. చెమటకి పసుపు బియ్యం నుదుటికీ బుగ్గలకీ అంటుకుపోయాయి, ముక్కు కొన మీద కూడా రెండు గింజలు. కల్యాణ తిలకం కనుబొమలోకి దిగింది. బుగ్గచుక్క కరిగి సన్నటి నల్ల గీతలాగా దవడ దాకా వచ్చింది, అక్కడ బొట్టు వేలాడుతోంది. పక్కన మా అక్క నవ్వుతోంది. దాని చుక్క చుక్కలాగే ఉంది, బందరు పిల్ల కదా.

ఆ ఫొటో గ్రూపులో పెట్టాను. కింద ఏమీ రాయలేదు, "మచిలీపట్నం, రాత్రి 9.20" అని మాత్రం.

రెండు నిమిషాల్లో అక్క నుంచి విడిగా మెసేజ్: "ఒరేయ్, తీసెయ్ అది. మా అత్తయ్యగారు చూస్తారు."

తియ్యలేదు. నాన్న దానికి నవ్వే బొమ్మ పెట్టారు మరి.