పర్త్సాలెవ్ నవ్వు ఎవరి పక్షం?

(బల్గేరియా హాస్యనటుడు గియోర్గి పర్త్సాలెవ్ 1925లో లెవ్‌స్కి పట్టణంలో పుట్టాడు. కమ్యూనిస్టుల ఏలుబడిలో సోఫియాలోని సటైరికల్ థియేటర్‌లోనూ సినిమాల్లోనూ జనాన్ని నవ్వించాడు. ఆ నవ్వు సర్కారును నిలదీసిందా, సర్కారుకే కాపు కాసిందా అన్నది వాదం. ఒకరు నాటకాల్లో తలపండిన మాస్టారు. రెండోవారు సినిమా చరిత్ర చదువుతున్న రమణి.)

రమణి: మాస్టారూ, ఆయన నటన మీద నాకు పేచీ లేదు. తిరుగుబాటుదారుడని పీట వేస్తున్నారే, అక్కడే పేచీ. 1957లో మొదలైన ఆ థియేటర్ సర్కారుదే, సినిమాలు తీసే స్టూడియో సర్కారుదే. జీతమిచ్చేవాడి మీద వేసే జోకు వాడు ఒప్పుకున్నంత వరకే. జనం రాత్రి నవ్వుకున్నారు, తెల్లారి అదే ఆఫీసుకి పోయి అదే అధికారికి దండం పెట్టారు.

మాస్టారు: ఒప్పుకున్నంత వరకే వేస్తే, 1967లో తీసిన ‘తిమింగలం’ సినిమాను 1970 దాకా ఎందుకు తొక్కిపెట్టారమ్మా? ఆ కథ చూడు. వలలో పడింది వేలెడంత చేప. ఆ కబురు పై ఆఫీసుకి చేరేసరికి చేప కాస్త పెరుగుతుంది. ఇంకో బల్ల దాటితే ఇంకాస్త. ఆఖరికి కాగితాల మీద తిమింగలమే పడింది! ఆ అధికారుల వరసలో పర్త్సాలెవ్ ఒకడు. ఆ పొడుగాటి మొహం ఒక్కటి చాలు, అబద్ధం ఎంత పెద్దమనిషి తరహాగా నడిచొస్తుందో తెలియడానికి.

రమణి: తొక్కిపెట్టింది నిజమే. కానీ ఆ తెగువ దర్శకుడు పెటర్ వసిలెవ్‌ది, రాసినవాడిది. అదే 1967లో బింకా జెల్యాజ్‌కోవా తీసిన ‘కట్టేసిన బెలూన్’ ఉంది. యుద్ధకాలంలో ఊరి మీదికి కొట్టుకొచ్చిన బెలూన్ కోసం ఎగబడే పల్లె జనం కథ. పర్త్సాలెవ్ అందులోనూ ఉన్నాడు. దాన్ని ఆడనివ్వలేదు. ఆమె తర్వాతి సినిమా 1973లో గానీ రాలేదు. ఈయనకి మాత్రం వేషాలు వస్తూనే ఉన్నాయి. దెబ్బ తిన్నది ఒకరు, చప్పట్లు కొట్టించుకున్నది ఒకరు.

మాస్టారు: దెబ్బ తగిలితేనే ధైర్యమంటే ఎలా? రాసిన మాటని సెన్సారు కొట్టేయొచ్చు. మాటకీ మాటకీ నడుమ నటుడు ఆగే ఆ ఒక్క క్షణాన్ని ఎవడు కొట్టేస్తాడు? వేషం కట్టినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, హాల్లో నవ్వు పుట్టేది అక్కడే. తమ ఆఫీసరు గుర్తొచ్చేదీ అక్కడే.

రమణి: గుర్తొచ్చే ఆఫీసరు ఎప్పుడూ మధ్యలోవాడేగా! 1954 నుంచి పార్టీని గుప్పిట్లో పెట్టుకున్న జివ్‌కోవ్ జోలికి పోయారా? మధ్యలోవాళ్లని నవ్వులపాలు చేస్తే, పైవాడు మంచివాడే, కిందివాళ్లే చెడగొడుతున్నారన్న భ్రమ గట్టిపడుతుంది. దీనికి చెప్పండి జవాబు.

మాస్టారు: (కాసేపు ఆగి) గట్టి మాటే. పైవాడి పేరెత్తలేదు, నిజం. కానీ ఆ చేపని పెంచింది ఏ ఒక్కడూ కాదు, పైకి తీపి కబురే పోవాలన్న పద్ధతి. ఆ పద్ధతి ఎవరి కోసమో చూసేవాళ్లకి తెలియదా? ఇంకో సంగతి. 1973లో, తనకి యాభై నిండకముందే, ఓ సినిమాలో రిటైరైన పెద్దాయన వేషం వేశాడు. నవ్విస్తూనే గొంతుకి అడ్డం పడతాడు. నవ్వుకుని మరిచిపోండని పంపే సర్కారుకి ఆ వేషంతో ఏం పని?

రమణి: ఆ వేషానికి నేనూ మొక్కుతాను. అయినా, 1989 అక్టోబర్ 31న ఆయన పోయాడు. నవంబర్ 10న జివ్‌కోవ్ దిగిపోయాడు. దించింది నవ్వు కాదు, సొంత పార్టీవాళ్లే.

మాస్టారు: దించమని హాస్యనటుణ్ణి ఎవరడిగారమ్మా? కాగితం తిమింగలమని చెబుతుంటే, కాదు, వేలెడంత చేపేనని జనం గుర్తుపెట్టుకున్నారంటే అది ఆయనలాంటి వాళ్ల చలవే.

రమణి: ఆ ‘లాంటి వాళ్ల’లో జెల్యాజ్‌కోవా పేరు ముందు రాయండి, ఆయన పేరు తర్వాత నేనే రాస్తాను.