కట్టాక కరెంటు లెక్క ఎవరు చూస్తున్నారు?

మే నెలలో హైదరాబాద్‌లో పై అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దుగూకినా స్లాబు చల్లారదు. పగలంతా తాగిన ఎండని రాత్రి పది దాటాక కూడా గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఫ్యాన్ వేస్తే ఆ వేడిగాలే నెత్తిన పడుతుంది. ఇక ఏసీ తప్పదు కాబట్టి ఫైవ్ స్టార్ చూసి కొంటాం. కానీ ఆ ఏసీ మోయాల్సిన బరువులో పెద్ద వాటా ఇంటి ప్లాన్ గీసినరోజే ఖాయమైపోయింది. కిటికీలు ఎటు ఉన్నాయి, వాటికి సన్‌షేడ్ ఉందా, స్లాబు మీద ఏ పొర వేశారు అన్నవి అప్పుడే తేలిపోయాయి.

ముందు వేడిని లోపలికి రానివ్వకూడదు. వచ్చిన కాస్త వేడిని తీయడానికి సరిపడా యంత్రం పెట్టాలి. ఆ తర్వాతే సోలార్. ఇంజినీరింగ్ చెప్పే వరస ఇది. మన నగరాల్లో ఇది తిరగబడింది. పడమటి ఎండకు ఎదురుగా నిలువెత్తు అద్దాలు బిగించి, ఆ వేడిని తోడటానికి పెద్ద చిల్లర్లు (నీటిని చల్లబరిచే ఏసీ యంత్రాలు) పెట్టి, చివర్లో సోలార్ ప్యానెళ్ల గురించి ఆలోచిస్తున్నారు. అపార్ట్‌మెంట్లలో మరో తప్పు: ఏసీ అవుట్‌డోర్ యూనిట్లన్నీ గోడల మధ్య ఒకే ఇరుకు ఖాళీలో ఒకదానిపై ఒకటి పెట్టేస్తారు. కింది యూనిట్ వదిలిన వేడిగాలిని పై యూనిట్ పీల్చుకుంటుంది. అలాంటి చోట ఎన్ని స్టార్లున్నా ఆ ఏసీ ఎక్కువ కరెంటు తాగక మానదు.

పరిష్కారం ఎక్కడో వెతకనక్కర్లేదు. హైదరాబాద్ శివారు పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో 2011లో వాడకంలోకి వచ్చిన ఓ భవనాన్ని ఇంజినీర్లు రెండు సగాలుగా విడదీసి పోల్చి చూశారు. గోడలు, కిటికీలు రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. ఒక సగంలో మామూలుగా డక్టుల్లో చల్లగాలి పంపారు. రెండో సగంలో స్లాబులోనే పైపులు పరిచి చల్లటి నీళ్లు ప్రవహింపజేశారు. స్లాబు చల్లబడి గదిలోని వేడిని తనే లాక్కుంటుంది. గాలిలో తేమ స్లాబు మీద నీటిబొట్లుగా పేరుకోకుండా, తేమ తీసేసిన బయటిగాలిని విడిగా ఇచ్చారు. ఒకే పరిమాణంలో గాలి కంటే నీరు మూడు వేల రెట్లకు పైగా వేడిని మోయగలదు. అందుకే ఫ్యాన్లతో గాలి నెట్టే ఖర్చు బాగా తగ్గింది. మీటర్లు పెట్టి కొలిస్తే, పైపుల వైపు చల్లదనానికి అయిన కరెంటు దాదాపు మూడో వంతు తక్కువ. కట్టడానికి అయిన ఖర్చు మాత్రం రెండు వైపులా ఇంచుమించు ఒకటే.

ఈ కథలో నాకు పైపుల కన్నా మీటర్లే ముఖ్యంగా కనిపిస్తాయి. కొలిచారు కాబట్టే నమ్మకం కుదిరింది. మన నిబంధనల్లో కొరవడింది ఇదే. వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు నియమావళి ఉమ్మడి రాష్ట్రంలో 2014 జనవరిలోనే వచ్చింది. ఇళ్ల కోసం కేంద్రం 2018లో ఎకో నివాస్ సంహిత తెచ్చింది. పైకప్పు నుంచి ఎంత వేడి దిగొచ్చో అందులో హద్దు పెట్టారు. ఏ పొరా లేని మామూలు స్లాబు నుంచి అంతకు రెండు మూడు రెట్ల వేడి దిగుతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం, అంటే తెల్ల పెయింటు లాంటి పూతలతో ఎండని తిప్పికొట్టే కప్పుల విధానం, ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు 600 గజాలు దాటిన స్థలాల్లోని ఇళ్లకూ అది తప్పనిసరి. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర అలాంటి కప్పులు ఉండాలన్నది లక్ష్యం. అన్నీ మంచి అడుగులే. అయితే తెల్ల పెయింటు దుమ్ము పట్టి మసకబారితే ఎండని తిప్పికొట్టే గుణం తగ్గిపోతుంది. డ్రాయింగ్ చూసి అనుమతి ఇచ్చి ఊరుకుంటే, మూడేళ్ల తర్వాత ఆ కప్పు ఎలా ఉందో ఎవరికి తెలుస్తుంది?

తెలుసుకునే దారి ఉంది. భవనం ఎన్ని యూనిట్లు కాల్చిందో కరెంటు పంపిణీ చేసే డిస్కమ్ దగ్గర ఉంటుంది. ఎంత విస్తీర్ణమో ఆస్తిపన్ను రికార్డుల్లో ఉంటుంది. ఈ రెండు ఖాతాలు పక్కపక్కన పెడితే చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లో వచ్చేస్తుంది. పెద్ద భవనాలు ఏటా తమ వాడకాన్ని వెల్లడించాలని న్యూయార్క్ 2009లోనే చట్టం చేసింది. ఇప్పుడు అక్కడ ఆ భవనం కరెంటు, ఇంధనం ఎంత పొదుపుగా వాడుతోందో చెప్పే గ్రేడ్ అక్షరాన్ని ప్రవేశద్వారం దగ్గర అంటించాలి. అద్దెకు వచ్చే కంపెనీ ఆ అక్షరం చూసి బేరమాడగలదు. మన దగ్గర ఆఫీసు అద్దెకు తీసుకునేవాళ్లకు లిఫ్టులు, పార్కింగ్ చూపిస్తారు. కరెంటు సంగతి మొదటి బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

ప్రైవేటు బిల్డర్లను అడిగే ముందు ప్రభుత్వం తన భవనాల లెక్క బయటపెట్టాలి. తెలంగాణలో ఈ మధ్య దాదాపు ఒకే నమూనాలో కొత్త కలెక్టరేట్లు చాలా జిల్లాల్లో కట్టారు. పోల్చి చూడటానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. ఒక్కో కలెక్టరేట్‌లో చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతున్నాయో ఏటా వెబ్‌సైట్లో పెడితే చాలు. ఎక్కువ వచ్చినచోట లోపం కప్పులో ఉందా, కిటికీల్లో ఉందా, నడిపే తీరులో ఉందా అన్నది ఇంజినీర్లు వెళ్లి తేలుస్తారు.