సవరణ: మబ్బు ఓడల నుంచి పడ్డ నలుగురు

ఆర్కే బీచ్‌లో టెలిస్కోప్ పెట్టిన రాత్రి గురించి రాస్తూ, 9వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో మబ్బుల్లోంచి పడ్డ నలుగురు గ్రహాంతరవాసుల్ని ఊరివాళ్లు రాళ్లతో కొట్టి చంపారన్నాను. అది తప్పు, ఏదో వీడియో చూసి రాసేశాను.

లియోన్ ఆర్చ్‌బిషప్ అగోబార్డ్ స్వయంగా రాసిన లాటిన్ రచనకు అనువాదం ఇప్పుడు చదివాను. మబ్బుల్లో తిరిగే ఓడల నుంచి పడ్డారంటూ ముగ్గురు మగవాళ్లను, ఒకావిడను గొలుసులతో కట్టి జనం ముందుకు తెచ్చిన మాట నిజమే. రాళ్లతో కొట్టాలనే తెచ్చారు. కానీ ఆయన వాదించేసరికి తెచ్చినవాళ్లకే నోరు పెగల్లేదట. గ్రహాల ఊసు అందులో ఎక్కడా లేదు. వడగళ్లకు రాలిన పంటను ఆ ఓడలవాళ్లు గాలివాన మంత్రగాళ్లకు డబ్బిచ్చి కొని, మబ్బుల మీదుగా మగోనియా అనే దేశానికి పట్టుకుపోతారని జనం నమ్మేవాళ్లు. ఆయన కలం పట్టిందే ఆ నమ్మకాన్ని దులిపేయడానికి! గ్రహాంతరవాసులు మన కాలంవాళ్లు అతికించిన ముక్క.

పాత పోస్టులో ఆ పేరా మార్చేశాను.