ఒకటికి డెబ్బై రెండు గారికి

అసలు విమానాన్ని డెబ్బై రెండో వంతు బొమ్మగా కుదించే కొలత, మహారాజశ్రీ ఒకటికి డెబ్బై రెండు (1:72) స్కేలు గారికి రాజోలు నుంచి నమస్కరించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం. అలమారలో బొమ్మ విమానాలకే క్షేమం లేదు.

నిన్న మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచింది. కొరియర్ అబ్బాయి "అమలాపురం వచ్చి తీసుకోండి సార్" అన్నాడు. వానలో బస్సెక్కి వెళ్లి, పెట్టెను చంటిపిల్లాడిలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. సుఖోయ్-30 ఎంకేఐ యుద్ధ విమానం బొమ్మ. ప్రకటనలో తమరి పేరు చూసే డబ్బు కట్టాను. తీరా విప్పితే స్టాండు అడుగున, చీమ తలకాయంత అంకెల్లో, 1:100.

సర్లే అనుకుందామంటే పక్కనే మిగ్-21 ఉంది. అది అచ్చంగా తమరి బిడ్డే. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్‌లకు వీడ్కోలు చెబుతుంటే, టీవీ చూస్తూ కళ్లు తుడుచుకుంటూ ఆర్డర్ పెట్టేశాను. అసలు మిగ్ ముక్కు గొట్టంతో కలిపి 16 మీటర్లకు కాస్త తక్కువ. సుఖోయ్ దాదాపు 22. మొదటిదాన్ని 72తో, రెండోదాన్ని 100తో భాగించి చూడండి. రెండూ 22 సెంటీమీటర్లే!

మా అమ్మ వచ్చి చూసి, "కవలలేరా?" అంది.

ఒకటి 1963లో మన వాయుసేనలోకొచ్చింది, ఇంకోటి 2002లో. 39 ఏళ్ల తేడాతో కవలలు.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "అది కంపెనీ సైజండీ" అన్నాడు. పెట్టె విప్పారు కాబట్టి వాపసు లేదట. స్కేలు రాసింది పెట్టె లోపల. విప్పకుండా చదవడానికి ఎక్స్‌రే తీయించాలా?

మిగ్ ముక్కు గొట్టం దుమ్ము దులిపినప్పుడల్లా ఊడుతుంది, దాని గురించి అడగను. మార్చుకోమని ఇచ్చిన చక్రాల్లో ఒకటి మంచం కిందకి దొర్లి మళ్లీ కనబడలేదు, అదీ అడగను. 'లిమిటెడ్ ఎడిషన్' అన్నారు, లిమిట్ ఉన్నది నా జీతానికే, పోనీయండి.

కానీ కొలత! ఆరడుగుల మనిషి అంగుళమైతే అదే తమరు. ఎంత ముచ్చటైన లెక్క! మా వైపు ధాన్యం కొలిచేవాడు మధ్యలో కుంచం మారిస్తే కళ్లంలోనే నాలుగు తగిలించేవారు.

తమరి మీద నిష్ఠతో ఎంత వదులుకున్నానో తెలుసా? విశాఖ బీచ్‌లో పెట్టిన నౌకాదళం పాత నిఘా విమానం టీయూ-142 చుట్టూ రెండుసార్లు తిరిగాను. రెక్క చివరి నుంచి చివరికి 50 మీటర్లు. తమరి లెక్కన 69 సెంటీమీటర్లు. అది ఇంటికి రావాలంటే దేవుడి పటాలు బయటికెళ్లాలి. 1:200లో తీసుకుంటే పావు మీటరే, హాయిగా పట్టేస్తుంది. అయినా మనసు చంపుకుని మానేశాను. ఎవరి కోసం? నీ కోసం. నీ పేరు ఎవడు పడితే వాడు రాసేసుకుంటుంటే నీకు చీమ కుట్టినట్టయినా లేదా? సిగ్గుండక్కర్లా?

క్షమించాలి, నోరు జారింది. రాత్రి భోజనం కూడా సరిగ్గా సయించలేదు.

ఇందాక మా అమ్మ సుఖోయ్‌ని తీసి మిగ్ వెనక్కి, అలమార లోపలికంటా తోసింది. "దూరంగా ఎగురుతోందనుకోరా, సరిపోతుంది" అంది.

నవ్వొచ్చింది. తరవాత ఒక కన్ను మూసి చూశాను. నిజంగానే పెద్దదేదో దూరంలో ఉన్నట్టుంది. ఇంకో నాలుగంగుళాలు వెనక్కి జరిపితే సరిగ్గా కుదురుతుంది గానీ, గోడ అడ్డొస్తోంది.