ట్రకోమా పోయిందన్నారు, మరి పిల్లల ముఖం కడిగే నీళ్లేవి?

మా అవ్వ దగ్గర వక్కాకు తిత్తితో పాటు ముల్లు తీసే శ్రావణం ఒకటి ఎప్పుడూ ఉండేది. నెలకు రెండుసార్లు అరుగు మీద ఎండకు ఎదురుగా కూర్చుని, పై రెప్పను వేలితో ఎత్తి పట్టుకుని నన్ను పిలిచేది. "నాయనా, నీ కండ్లు బాగుంటాయి, ఆ వెంట్రుక కనపడుతోందేమో చూడు." లోపలికి తిరిగిన రెప్ప వెంట్రుకలు నల్లగుడ్డును గీరుతుండేవి. ఒక్కొక్కటే పట్టి పీకితే వారం పది రోజులు ఆమెకు హాయి. ఆ తర్వాత మళ్లీ మొలిచేవి.

ముసలితనం అనుకున్నాం. చాలా ఏళ్లకు ఒక కంటి డాక్టరు ఆమె రెప్ప తిప్పి, లోపలి తెల్లటి మచ్చలు చూపించి, ఇది చిన్నప్పుడు వచ్చిన ట్రకోమా అనే అంటు కంటిజబ్బు మిగిల్చిన గుర్తు అన్నాడు. అరవై ఏళ్ల కిందటి జబ్బు ఇప్పుడు గుచ్చుతోందన్నమాట.

ఈ జబ్బు నడక అలాగే ఉంటుంది. క్లమీడియా ట్రకోమాటిస్ అనే బాక్టీరియా పిల్లల కంట్లో చేరి పై రెప్ప లోపల చిన్న చిన్న పొక్కులు లేపుతుంది. ఒక్కసారి వచ్చి పోతే పెద్ద నష్టం లేదు. అదే ఇంట్లో, అదే వాడలో మళ్లీ మళ్లీ అంటుకుంటేనే రెప్ప లోపల మచ్చ కట్టి, ముడుచుకుపోయి, వెంట్రుకలు లోపలికి మళ్లుతాయి. అవి గీరీ గీరీ నల్లగుడ్డు మీద పొర కడుతుంది. ఇలా చూపు పోయేది మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ఎక్కువ. పసిపిల్లల్ని ఒడిలో పెట్టుకుని సాకేది వాళ్లే కాబట్టి.

2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని ప్రకటించింది. ఆగ్నేయాసియా ప్రాంతంలో నేపాల్, మయన్మార్ తర్వాత మనమే. 1963లో మొదలైన జాతీయ ట్రకోమా నియంత్రణ కార్యక్రమం, 1976లో వచ్చిన అంధత్వ నివారణ కార్యక్రమం, ఊరూరా రెప్పలు తిప్పి చూసిన వేలమంది శ్రమ దాని వెనక ఉన్నాయి. అది నిజంగా గొప్ప విజయం, అందులో నాకు అనుమానం లేదు.

అయితే ఆ మాటకు అర్థం ఒక్క కేసూ లేదని కాదు. ఒకటి నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో ఈ పొక్కులున్నవాళ్లు నూటికి ఐదుగురి కన్నా తక్కువ ఉండాలి. పదిహేనేళ్లు దాటినవాళ్లలో, వైద్య సిబ్బంది దృష్టికి రాని, రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగిన కేసులు వెయ్యికి రెండు కన్నా తక్కువ ఉండాలి. అంత మాత్రమే. ఆ గీత కింద ఉన్న జబ్బు మళ్లీ గీత దాటకుండా ఏది ఆపుతుందన్నదే అసలు ప్రశ్న.

మందు ఒక్కటే అయితే ఆపలేదు. ఆపరేషన్, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు, ముఖం శుభ్రత, పరిసరాల శుభ్రత అని నాలుగు పనులు కలిపి చెయ్యమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మొదటి రెండూ డాక్టర్లు, మందుల సరఫరా ఉంటే అవుతాయి. మిగతా రెండూ నీళ్లుంటేనే అవుతాయి. యూరప్‌లో ఈ జబ్బు చాలావరకు యాంటీబయాటిక్స్ రాకముందే, ఇళ్లూ నీళ్లూ బాగుపడ్డాక వెనక్కి తగ్గింది. మన దగ్గర నికోబార్ దీవుల్లోని కార్ నికోబార్‌లో 2010లో చూస్తే దాదాపు సగం మంది చిన్నపిల్లలకు ఉంది. ఏళ్ల తరబడి ఎవరూ రెప్ప తిప్పి చూడకపోతే అలాగే అవుతుంది.

ట్రకోమా ఎక్కువున్న ప్రాంతాలంటే పంజాబ్, రాజస్థాన్, గుజరాత్ పేర్లే వింటుంటాం, కర్నూలు పేరు పెద్దగా వినపడదు. కానీ కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు ఎండాకాలంలో ఒకసారి వెళ్లి చూడండి. పక్కనే తుంగభద్ర. అయినా చెరువు అడుగంటితే కొళాయిలో రోజూ నీళ్లు రాని ఊళ్లున్నాయి. నీళ్లొచ్చే పూట ఇంటింటి ముందు బిందెలు వరుస కడతాయి. తాగడానికి ఇన్ని, వంటకు ఇన్ని, గొడ్లకు ఇన్ని అని లెక్క పెట్టుకున్నాక పిల్లల ముఖం చివరికి వస్తుంది. చంటిదాని కంట్లో పుసి కడితే తల్లి కొంగుతో తుడుస్తుంది. అదే కొంగుతో పెద్దోడి ముక్కు, ఆ తర్వాత తన కన్ను. ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి పాకే దారుల్లో అదొకటి. దీనికి ఆ తల్లిని తప్పు పట్టడం అన్యాయం. "ముఖం శుభ్రంగా కడగండి" అని గోడ మీద రాసే ముందు ఆమె ఇంట్లో బిందెలు లెక్కపెట్టాలి.

ఈగల సంగతీ అంతే. కళ్ల మీద వాలే రకం ఈగ ఆరుబయట పడిన మలంలో గుడ్లు పెడుతుంది, మరుగుదొడ్డి గుంతలో కాదు. మరుగుదొడ్డి కట్టించారు, సంతోషమే. అందులో పోసేందుకు బకెట్ నీళ్లు లేకపోతే పిల్లలు మళ్లీ కంపచెట్ల వెనక్కే పోతారు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది వలస పోయే పిల్లల గురించి. దీపావళి దాటాక పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయ కోతలకు కదులుతాయి. చాలామంది తిరిగొచ్చేది ఉగాదికే. పొలం గట్టున పట్టాలతో వేసుకున్న గుడిసె, బోరు దగ్గరి నుంచి మోసుకొచ్చిన డ్రమ్ము నీళ్లు, ఒకే దుప్పటి కింద ముగ్గురు పిల్లలు. కళ్లు ఎర్రబడితే మిరప ఘాటులే అంటారు. చాలాసార్లు అది నిజమే, అందుకే ఏది ఘాటో ఏది జబ్బో ఎవరూ విడదీసి చూడరు. బడి పిల్లల్ని ఏటా పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఊరికి వచ్చిన రోజు వీళ్లు ఊళ్లో ఉండరు. హాజరు పట్టీలో గైర్హాజరు, ఆరోగ్య రికార్డులో ఖాళీ.

చేయగలిగిన పని పెద్దదేం కాదు. జూన్‌లో బడి తెరవగానే, వలస మండలాల్లో తిరిగొచ్చిన పిల్లల పేర్లు టీచర్ల దగ్గర తీసుకుని, వాళ్ల రెప్పలు ముందు చూడాలి. దాని కోసం ఏఎన్ఎంలకు రెప్ప తిప్పడం నేర్పాలి. టార్చి, భూతద్దం చాలు. అదే ఇంట్లో అవ్వ ఉంటే ఆమె కన్నూ చూడాలి. లోపలికి తిరిగిన రెప్పకు చిన్న ఆపరేషన్ ఉంది, కర్నూలు ప్రభుత్వ కంటి ఆసుపత్రి దాకా తీసుకెళ్లే మనిషి కావాలి. ఇక అంగన్‌వాడీ కొళాయికి వేసవి నాలుగు నెలలూ నీళ్లు వచ్చాయో లేదో ఆరోగ్య శాఖ రిజిస్టరులోనే రాయాలి. ఇప్పుడు ఆ లెక్క గ్రామీణ నీటి సరఫరా వాళ్లది, కన్ను లెక్క ఇంకొకరిది. పిల్లకు మాత్రం రెండూ ఒకే ముఖం మీద ఉన్నాయి.